దండోరా విన్నవారి సంతకాలు

“ఎవరైనా విని కాదంటే ఏం చెయ్యాలండీ? పోనీ, అసలు ఎవరూ వినకపోతే?”

అర్జీ మీద ఇంకా సంతకం కూడా పెట్టకముందే నేను పైకి అనేసిన మాట ఇది. మండల ఆఫీసు గుమాస్తా స్టీఫెన్ గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, “రెండిట్లో ఏదో ఒకదానికే భయపడండమ్మా. రెండూ ఒకేసారి జరగవు” అన్నారు. ఆయన ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీలో ఉన్నారు గానీ, నా సంగతి ఆయనకు తెలియదు. నేను ఒకేసారి ఆరింటికి భయపడగలను.

ఒక మాటను పదిమందికి చేరవేయడానికి మనిషి కనిపెట్టిన పద్ధతులన్నిటిలోకీ ఘనమైనది దండోరా. డప్పు మోగుతుంది, జనం పోగవుతారు, మాట చెబుతారు, ఎవరి పనికి వాళ్ళు పోతారు. కృష్ణ సముద్రంలో కలవబోయే చోట, ఏటి నడుమ దిబ్బ మీదున్న మా మొగిలిలంకలో, నా చిన్నతనంలో దాని అర్థం ఇంతే. గేదె తప్పిపోతే దండోరా, సూదిమందు వాళ్ళు వస్తున్నారంటే దండోరా, వలలు వేసే రేవులు పంచుకునే రోజు దండోరా. ఆఫీసులో ఆ మాటకు వేరే అర్థం ఉందని నాకు ఈ ఏడాదే తెలిసింది. ఆఫీసు వాడుకలో దండోరా అనగా, ఒక సంగతి అందరికీ తెలిసినట్టు రాతపూర్వకంగా ఉండుట. (తెలియుట అనేది వేరే శాఖ.)

ఇంతకీ మాకు దాని అవసరం ఎందుకొచ్చిందంటే, మా సాయిశ్రీకి జనన ధ్రువపత్రం లేదు. పదహారేళ్ళ కిందట వరదలో, లంకలో బడి డాబా మీద, చుట్టూ నీళ్ళుండగా పుట్టింది. పురుడు పోసింది మా మేనత్త వీరమ్మ. మూడో రోజు పడవ వచ్చి మమ్మల్ని ఒడ్డున దించింది. అక్కడ పోయినవాళ్ళ జాబితా రాసుకోవడానికి ఒకాయన కూర్చుని ఉన్నాడు. (పుట్టినవాళ్ళకు ఆయన కాగితంలో గడి లేదు.) బతికామన్న సంబరంలో మేమూ పట్టించుకోలేదు.

తర్వాత బెజవాడ వచ్చేశాం. భవానీపురంలో అద్దె ఇల్లు, మా ఆయన మణికుమార్‌కు మార్కెట్లో చేపల కొట్టు. పిల్లేమో కృష్ణలో కయాకింగ్ నేర్చుకుంది. అంటే ఒక్క మనిషి మాత్రమే పట్టే పడవలో కూర్చుని, పక్కకు ఒరిగితే ఏమవుతుందో ఆలోచించకుండా తెడ్డు వేయడం. నీళ్ళలో పుట్టిన పిల్ల నీళ్ళు వదలదని అందరూ ముచ్చటగా అంటారు. అన్నవాళ్ళెవరూ ఆ డాబా మీద లేరు. ఎలాగైతేనేం, పదిహేడేళ్ళ లోపు వాళ్ళ రాష్ట్ర జట్టులో దానికి చోటు వచ్చింది. మార్చి ఆఖరు లోపల జనన ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ చోటు తర్వాతి అమ్మాయిది. వచ్చే ఏడు ఇస్తామంటే వయసు దాటిపోతుంది. (ఉన్నమాట చెప్పాలి: పత్రం రాకపోతే పిల్ల ఒడ్డునే ఉంటుంది కదా అని నాకు రెండుసార్లు అనిపించింది. మూడోసారి అనిపించబోతుండగా దాని మొహం చూశాను. ఇంక అనిపించలేదు.)

పుట్టుకను ఆలస్యంగా నమోదు చేయించుకునేవారికి (పుట్టుక సకాలంలోనే జరిగింది, ఆలస్యమైంది కాగితం) ఆఫీసు పెట్టిన షరతు చాలా న్యాయమైనది. ఫలానా బిడ్డ ఫలానా చోట పుట్టినట్టు రాయబోతున్నాం, అభ్యంతరం ఉన్నవారు పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చునని, పుట్టిన చోటే దండోరా వేయించాలి. విన్నవాళ్ళలో ఇద్దరు సంతకం చేయాలి. ఆపైన డిప్యూటీ తహసీల్దారు గారు విచారణ జరిపి, అభ్యంతరాలు లేవని రాయాలి.

“పుట్టినదానికి అభ్యంతరం ఎవరు చెబుతారండీ?” అన్నాను.

“ఎవరూ చెప్పరండీ.”

“మరి అడగటం ఎందుకండీ?”

“ఎవరూ చెప్పలేదని రాయాలి కదండీ.”

“ఒకవేళ చెబితే?”

స్టీఫెన్ గారు ఫైలు మూశారు. “చెబితే మళ్ళీ మొదటికొస్తదమ్మా. మళ్ళీ దండోరా, మళ్ళీ పదిహేను రోజులు.”

అప్పటికి ఫిబ్రవరి సగమైపోయింది. అవనిగడ్డ బస్సు బెజవాడ చేరేలోగా, అభ్యంతరం చెప్పగలిగినవాళ్ళ పేర్లు మనసులో రాసుకున్నాను. రేవు దగ్గర మా నాన్నతో గొడవపడినవాళ్ళు, మా పెళ్ళి భోజనాల్లో రొయ్యల కూర అందనివాళ్ళు, ఊరికే నన్ను చూస్తే పడనివాళ్ళు, అంతా కలిపి ఇరవై ఏడుగురు తేలారు. వాళ్ళలో పదకొండు మంది చనిపోయారు. అయినా కొట్టేయలేదు. ఆఫీసు వ్యవహారం, ఎవరి పేరు ఏ రిజిస్టర్లో ఇంకా బతికుందో మనకేం తెలుసు?

ఇంటికి రాగానే పక్కింటి అమలమ్మ గారికి చెప్పాను. ఎదురింటివాళ్ళు అడిగితే వాళ్ళకీ చెప్పాను. కూరగాయల బండి దగ్గర ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. సాయంత్రం మా ఆయన కొట్టు నుంచి వచ్చి, “మార్కెట్లో ముగ్గురు నన్నే అడిగారు, పిల్ల పుట్టిందంట గదా అని! ఊరంతా దండోరా వెయ్యకే తల్లీ!” అని తల పట్టుకున్నారు. (ఇది ఆ మాటకు ఇంట్లో ఉన్న వాడుక. అదే సంగతి మగవాడు నలుగురికి చెబితే దాన్ని కబురంటారు.)

నాకు ఆశ పుట్టింది. మర్నాడు స్టీఫెన్ గారికి ఫోను చేసి, “నాలుగు వీధులవాళ్ళకు తెలిసిపోయిందండీ. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. సంతకాలు ఎన్ని కావాలి?” అన్నాను.

“అది చెప్పటమండీ, ప్రకటించటం కాదు.”

“తేడా ఏంటండీ?”

“ప్రకటించటమంటే డప్పుండాలి, కాగితముండాలి, పుట్టిన చోట తీసిన ఫోటో ఉండాలి. వినేవాళ్ళూ ఉండాలనుకోండి, వాళ్ళది ఆఖరి కాలమ్.”

దండోరా వేసే ఉద్యోగాన్ని ప్రభుత్వం పదకొండేళ్ళ కిందట రద్దు చేసింది. దండోరాను చేయలేదు. అందుచేత ఆ ఉద్యోగంలోంచి ఆఖరుగా దిగిన బాలశౌరి గారినే ఇప్పటికీ కబురు పెట్టి పిలిపిస్తున్నారు. (పదవీ విరమణ తర్వాతే తనకు పని పెరిగిందని ఆయన అన్నారు.) డెబ్భై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన డప్పు. ఈసారి ఆయనకు శ్రమ లేకుండా పైనుంచి ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో డప్పు చప్పుడు రికార్డు చేసి ఉంది. స్పీకరుకు తగిలిస్తే చాలు. బాలశౌరి గారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూశారు.

“దీన్ని ఏ మంట మీద కాచాలి సార్?”

డప్పు తోలును మంట దగ్గర కాచి బిగువెక్కిస్తేనే అది పలుకుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“కాచక్కర్లేదు బాలశౌరీ, ఛార్జింగు పెడితే చాలు.”

“అయితే కరెంటోళ్ళనే పిలుచుకోండి. నేనొస్తే నా డప్పొస్తది. మాట కూడా నా మాటే. మీ కాగితంలో ‘ఇందుమూలముగా యావన్మంది’ అన్నకాడికే జనం లేచిపోతారు.”

స్టీఫెన్ గారు నిబంధనలు తిరగేశారు. దండోరా ఎలా అర్థం కావాలన్న దాని గురించి అందులో ఏమీ లేదు కనుక, ఒప్పుకున్నారు.

అసలు చిక్కు చోటు దగ్గర వచ్చింది. వరద తర్వాత లంకలో ఉన్నవాళ్ళందరికీ ఒడ్డున కాలనీ కట్టించి ఇచ్చారు. ఇప్పుడు లంకలో ఒక్క గడప లేదు. దండోరా కాలనీలో వేస్తే అందరూ వింటారు కదా అన్నాను.

“బిడ్డ కాలనీలో పుట్టలేదు కదండీ.”

“జనమంతా అక్కడే ఉన్నారండీ.”

“జనం ఉన్నారమ్మా, జననం లేదు. జననం లంకలో ఉంది.”

అలా మార్చి మొదటి వారంలో ఒక ఉదయం స్టీఫెన్ గారు, బాలశౌరి గారు, నేను, సాయిశ్రీ పడవెక్కి, వినడానికి మనిషనేవాడు లేని లంకకు ప్రకటన చేయడానికి బయలుదేరాం. నేను రెండు చేతులా పడవ అంచు పట్టుకున్నాను. “అమ్మా, పడవ ఎక్కడికీ పోదే. వదులు” అంది పిల్ల. పడవ ఎక్కడికో ఒక చోటికి పోతుందనే కదా నా భయం.

లంక సగానికి సగం ఏట్లో కలిసిపోయింది. మొగలి పొదలు, ఇసుక, నీళ్ళలో నిలబడ్డ రెండు బడి స్తంభాలు మిగిలాయి. ఇసుక మీద ఎండుటాకులు ముట్టించి బాలశౌరి గారు డప్పు కాచుకున్నారు. స్టీఫెన్ గారు ఫోనులో దండోరా యాప్ తెరిచారు. గ్రామం నడిమధ్యన నిలబడితేనే అది ఫోటో తీసుకుంటుంది. మేం లంక మీద నిలబడి ఉండగా అది, ‘మీరు గ్రామంలో లేరు’ అంది. నాలుగు అడుగులు ఇటు వేశాం, ‘మీరు గ్రామానికి దూరంగా వెళ్ళుచున్నారు’ అంది. పటం పాతది. ఆ పటం గీసినప్పుడు ఊరున్న చోట ఇప్పుడు ఏరుంది. చేసేది లేక మళ్ళీ పడవెక్కాం. నడి ఏట్లోకి, ఆ స్తంభాలు కూడా దాటి వెళ్ళాక ఫోను ఆకుపచ్చగా వెలిగి, ‘మొగిలిలంక గ్రామమునకు స్వాగతం’ అంది.

అక్కడ పడవ నిలబడదు. ప్రవాహం లాగేస్తోంది. స్వాగతం అనడం, దూరంగా వెళ్ళుచున్నారనడం, మళ్ళీ స్వాగతం అనడం. పడవ నడిపే మనిషికి చెమటలు పట్టాయి. అప్పుడు సాయిశ్రీ లేచి, ఆయన చేతిలో తెడ్డు అందుకుని, వెనక కూర్చుంది. అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. అంతే, పడవ మేకు కొట్టినట్టు ఆగింది. పిల్ల నీళ్ళ మీద ఉండగా కళ్ళు తెరిచి చూడటం నాకదే మొదటిసారి. రోజూ ఘాటుకు వెళ్తాను గానీ, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

బాలశౌరి గారు నిలబడి మూడు వరసలు వాయించారు. “వినండహో! గంగాదేవి కూతురు సాయిశ్రీ ఇక్కడే పుట్టింది! కాదనేవాళ్ళెవరైనా ఉంటే పదిహేను రోజుల్లో ఆఫీసుకొచ్చి చెప్పండహో!”

స్తంభం మీద నుంచి రెండు నీటికాకులు లేచిపోయాయి. (దాన్ని అభ్యంతరంగా తీసుకోరు కదా అని అడిగాను. స్టీఫెన్ గారు కాసేపు ఆలోచించి, రాసిస్తేనే తీసుకుంటామన్నారు.)

ఒడ్డుకు వచ్చాక సంతకానికి పడవ నడిపినాయన ముందుకొచ్చాడు. స్టీఫెన్ గారు కాగితం వెనక్కి లాక్కున్నారు. పడవలో ఉన్నవాళ్ళందరూ దండోరా వేసినవాళ్ళ కిందకు వస్తారట. విన్నవాళ్ళు వేరే ఉండాలి. వేసినవాళ్ళే వింటే, రేపు ఎవరైనా అడిగితే ఆఫీసు పరువేం కాను?

రెండు రోజుల తర్వాత రెండు పడవలు కట్టారు. ఒకటి వేయడానికి, ఒకటి వినడానికి. వినే పడవలో మా వీరమ్మత్త, కాలనీలో ఉండే సూరయ్య బాబాయి కూర్చున్నారు. నిబంధన ప్రకారం రెంటి మధ్యా తగినంత దూరం ఉంచారు. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. బాలశౌరి గారు వాయించి, గొంతు చించుకుని చెప్పారు.

“వినపడిందా?” అని అరిచారు స్టీఫెన్ గారు.

“ఏందీ?” అన్నాడు సూరయ్య బాబాయి.

“వినపడిందా అంట!”

“వినపళ్ళా!”

నేను పడవ అంచు మళ్ళీ పట్టుకున్నాను. స్టీఫెన్ గారు మాత్రం తృప్తిగా కలం తీశారు. “వినపడిందా అంటే వినపళ్ళేదని జవాబు చెప్పారంటే, మనం అడిగింది వినపడినట్టేగా అమ్మా. దండోరా కూడా ఈ పడవలోంచేగా వేసింది” అన్నారు. సూరయ్య బాబాయి సంతకం చేశాడు. వీరమ్మత్త వేలిముద్ర వేసింది. ఆవిడ అసలే మాట తక్కువ మనిషి. ఆ రోజు పోతున్నప్పుడూ వస్తున్నప్పుడూ ఆ రెండు స్తంభాలనే చూస్తూ కూర్చుంది.

తర్వాతి పదిహేను రోజులు నేను పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఫోను చేశాను.

“ఏమైనా వచ్చిందాండీ?”

“ఏం రాలేదమ్మా.”

“అభ్యంతరాల పెట్టె తెరిచి చూసి చెబుతున్నారా, ఊరికే చెబుతున్నారా?”

తెరవడం వినిపించేది. మూయడం వినిపించేది. తొమ్మిదో రోజు తెరిచాక మూయలేదు. పెట్టెలో ఒక కాగితం ఉంది! నా పట్టీలో పేర్లు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాను. తీరా అది కాలనీలో వీధి దీపాలు వెలగడం లేదన్న అర్జీ. (కాలనీవాళ్ళకు తాళం వేయని పెట్టె అదొక్కటే కనపడిందట.) అయినా దాన్ని అభ్యంతరం కాదని తేల్చడానికి స్టీఫెన్ గారికి ఒక పూట పట్టింది. వీధిలో వెలుతురు లేదనడం బిడ్డ ఈ వెలుతురు చూడలేదనడం కిందకు వస్తుందేమోనని ఆయన అనుమానం. నేను ఆయన్ని తప్పు పట్టను. నాలాంటి మనిషే పాపం.

విచారణ మార్చి ఇరవై ఎనిమిదిన, కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. గడువుకు ఇంకా మూడు రోజులు. డిప్యూటీ తహసీల్దారు హర్షవర్ధన్ గారు కుర్రాయన, మర్యాదస్తుడు, అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నారు. హాలు నిండిపోయింది. (నేను ముందురోజు ఇంటింటికీ తిరిగి, ఎవరూ ఏమీ మాట్లాడవద్దని బతిమాలాను. దాంతో ఏదో జరుగుతుందని అందరూ వచ్చారు.) సాయిశ్రీ నా పక్కన, జట్టువాళ్ళు ఇచ్చిన నీలం చొక్కా వేసుకుని కూర్చుంది. ఇంకా వేసుకోవద్దే, దిష్టి తగులుతుందన్నాను. వినలేదు.

“సాయిశ్రీ జనన నమోదుపై ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు. మొదటిసారి అడుగుతున్నాను” అన్నారు హర్షవర్ధన్ గారు.

స్టీఫెన్ గారు కాగితం మీద ఒక టిక్కు పెట్టారు.

“రెండోసారి.”

ఎవరో దగ్గారు. నేను వెనక్కి తిరిగి చూశాను. దగ్గు ఆగిపోయింది.

“మూడోసారి.”

“నాకుంది” అంటూ వీరమ్మత్త లేచి నిలబడింది.

నా పేర్ల పట్టీలో ఇరవై ఏడుగురున్నారు. ఆవిడ లేదు. పక్కన సాయిశ్రీ, “మామ్మా?” అంది, అంతే. మూడు రోజుల్లో మళ్ళీ పదిహేను రోజులు ఎక్కడి నుంచి తెచ్చేది?

స్టీఫెన్ గారు కంగారుగా వంగి, “పెద్దమ్మా, మీరు విన్నవాళ్ళ కాలమ్‌లో ఉన్నారు. విన్నవాళ్ళు అభ్యంతరం చెప్పకూడదు” అన్నారు.

హర్షవర్ధన్ గారు ఆయన్ని ఆగమని, “చెప్పండమ్మా. ఈ అమ్మాయి లంకలో పుట్టలేదా?” అన్నారు.

“పుట్టకేం? నా చేతుల్లోనే పడింది. నా కోక చింపి చుట్టా.”

“తేదీ తప్పా?”

“కాదు. ఆ రోజే.”

“మరి దేనికమ్మా అభ్యంతరం?”

“చెప్తానుండయ్యా. మొన్న రెండు పడవలేసుకుని, నరమానవుడు లేని నడి ఏట్లో, ఈ పిల్ల పుట్టిందని రెండు మాట్లు డప్పు కొట్టిచ్చారు. వినపడిందా, వినపడిందా అని అడిగి మరీ నా ఏలు పట్టుకుని ముద్దరేయిచ్చుకున్నారు. బానే ఉంది. ఇది పుట్టిన్నాడు ఆ లంకలో నూటెనబై గడపలున్నయ్. అందరం ఇళ్ళల్లోనే ఉన్నాం, చెవులన్నీ బానే పనిచేస్తన్నయ్. ఏరొస్తంది, లేచి పొండ్రా అని ఒక్క దెబ్బ కొట్టినోడు లేడు. కొట్టుంటే ఇది పెద్దాసుపత్రిలో పుట్టేది. కాగితం ఆళ్ళే ఇచ్చేవాళ్ళు. మీకీ తిప్పలుండేయి కాదు. ఆ రోజు మీ దండోరా ఏమైందయ్యా?”

బాలశౌరి గారు డప్పును గోడకు ఆనించి తల దించుకున్నారు. హర్షవర్ధన్ గారు ఆ వరద నాటికి బడికి వెళ్ళే వయసువారై ఉంటారు. ఆయన స్టీఫెన్ గారి వైపు చూశారు. స్టీఫెన్ గారు ఫైలు వైపు చూశారు. హర్షవర్ధన్ గారు కలం తీసి, అభ్యంతరములు అన్నచోట ‘లేవు’ అని రాసి, కింద సంతకం పెట్టి, ఫైలు పక్కకు జరిపారు. స్టీఫెన్ గారు ముందే రాసి తెచ్చిన పత్రం మీద ముద్ర వేశారు. ఒకసారి సరిగ్గా పడలేదని మళ్ళీ వేశారు. పత్రాన్ని సాయిశ్రీ చేతికే ఇచ్చారు. పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుంది గానీ చదువుకోలేదు, మామ్మ వైపే చూస్తోంది. వీరమ్మత్త ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

స్టీఫెన్ గారు ముద్ర దిమ్మను డబ్బాలో పెట్టారు. మూత వేశారు. డబ్బా సంచీలో పెట్టారు. ఇంక సర్దడానికి ఏమీ మిగలకపోయేసరికి, తలెత్తకుండానే, అన్నారు:

“ఆ రోజు రెండో శనివారం అండీ.”